గుడారం సారు

మీకొక్కరికే చెప్తున్నాను. ఎవరికీ చెప్పకండి అని ఒట్టు వేయించుకునే స్థితిలో లేను. భీమ్‌గల్‌లో ఇప్పటికే అందరికీ తెలుసు. బస్టాండు కాడ చాయ్ హోటల్లో తెలుసు, కూరగాయల అంగట్లో తెలుసు, మా బడిలో ఆరో తరగతి పిల్లలకు కూడా తెలుసు. తెలియనిది మీకొక్కరికే. ఇంకొకరి నోట వినేకంటే నా నోటే వింటే పావలా పరువైనా మిగులుతుందని ఆశ.

నేను హాస్య రచయితను. ఈ ముక్క నేనే చెప్పుకోవాల్సి రావడంలోనే సగం కథ ఉంది.

2016లో ఒక వారపత్రికలో నా జోకు ఒకటి అచ్చయింది. బోధన్ షక్కర్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఒకాయన డాక్టరు దగ్గరికి పోతాడు. డాక్టరు రిపోర్టు చూసి, "షుగర్ నాలుగు వందలుంది, ఏం తింటున్నారు?" అంటాడు. ఆయన, "నేనేం తింటలేను సార్. ఫ్యాక్టరీల ఉత్పత్తి బందు వెట్టిన్రు గని నా ఒంట్ల బందు వెట్టుడు మర్సిపోయిన్రు" అంటాడు. అంతే జోకు. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, మంభోజిపల్లి ఫ్యాక్టరీలు మూడూ ఒక్కసారే మూతపడ్డ రోజులవి. నిజాం కాలంలో పుట్టి, ఆసియాలోనే పెద్దదని మా చిన్నప్పుడు రొమ్ము విరిచి చెప్పుకున్న ఫ్యాక్టరీ. మా జిల్లాలో ఆ జోకు చదివి నవ్వినవాళ్లలో సగం మంది తర్వాత కళ్లు తుడుచుకున్నారు.

పత్రికవాళ్లు రెండు వందల రూపాయల చెక్కు పంపారు. బ్యాంకులో వేసేముందు దాన్ని జిరాక్సు తీయించి, ఫ్రేము కట్టించి, హాల్లో మా నాయిన ఫొటో పక్కన తగిలించాను. ఫ్రేముకు రెండు వందల నలభై అయింది.

ఆ జోకు గురించి ఇంకో సంగతి కూడా ఉంది. ఇప్పుడే చెబితే మీరు లేచిపోతారు. కొంచెం ఆగి చెప్తాను.

మనిషికి ఒక్కటి అచ్చయితే చాలండి. తర్వాత వాడు వాడు కాదు. మీలో కూడా ఎవరికో ఎప్పుడో ఏదో పత్రికలో ఉత్తరం ముక్కో, వంట చిట్కానో అచ్చయ్యే ఉంటుంది. ఆ కాయితం ఇప్పటికీ బీరువాలో బట్టల కింద ఉంటుంది. లేదనకండి. నేను మాత్రం బీరువాతో ఆగలేదు. గేటుకు బోర్డు రాయించాను. నా పేరు, కింద "హాస్య రచయిత" అని. 2018లో మా ఊరు మున్సిపాలిటీ కూడా అయింది కదా, మున్సిపాలిటీ అన్నాక ఒక హాస్య రచయితయినా ఉండొద్దా? మూడో రోజు పాలాయన గేటు దగ్గర ఆగి, "సార్, మీ ఇంట్ల కొత్తగ ఎవరో కిరాయికి దిగినట్టున్నరు, ఆయనకు గూడ పాలు పొయ్యాల్నా?" అని అడిగాడు.

తర్వాత ఏడేళ్లలో అరవై ఒక్క రచన పంపితే మూడు అచ్చయ్యాయి. అందులో ఒకటి రోడ్డు మీద గుంతల గురించి నేను రాసిన ఫిర్యాదు. దాన్ని హాస్యం కింద వేశారు.

చివరికొకరోజు తెగించి ఒక ఎడిటరుగారికి ఫోన్ చేశాను. పాపం పెద్దమనిషి, నా బాధంతా విని, "మాస్టారూ, ఏమనుకోకండి, మీ హాస్యంలో గాలి ఆడటం లేదండీ" అన్నారు. ఫోన్ పెట్టేసి కిటికీ తెరిచి చాలాసేపు ఆలోచించాను. గాలి! నిజమే. నేను రాసేదంతా మూసిన గదిలో, తిరిగీ తిరగని ఫ్యాను కింద. గాలి ఎక్కడినుంచి ఆడుతుంది? ఆయన చెప్పింది అలంకారం. నేను పట్టుకున్నది వాతావరణం.

సరిగ్గా ఆ నెలలోనే హైదరాబాదు పోయి ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కెలుకుతుంటే పాట్రిక్ మెక్‌మానస్ దొరికాడు. ముప్పై రూపాయలు. అమెరికాలో ఐడహో రాష్ట్రంలో శాండ్‌పాయింట్ అనే చిన్న ఊరివాడు. 1933లో పుట్టి 2018లో పోయాడు. అడవిలో గుడారం వేసుకోవడం, చేపలు పట్టబోవడం, వేటకు పోయి వట్టి చేతులతో తిరిగి రావడం, ఇవే ఆయన హాస్యానికి సరుకు. 'ఫీల్డ్ అండ్ స్ట్రీమ్', 'అవుట్‌డోర్ లైఫ్' అని వేటగాళ్లూ జాలర్లూ చదివే పత్రికల్లో ఏళ్ల తరబడి రాశాడు. స్నానమంటే గిట్టని అడవి ముసలాయన్ని ఒకణ్ని సృష్టించి, రాన్సిడ్ క్రాబ్‌ట్రీ అని పేరు పెట్టాడు. పేరులోనే కంపు. బస్సులో కామారెడ్డి దాటేదాకా నవ్వుతూనే ఉన్నాను, కండక్టరు రెండుసార్లు వచ్చి చూసిపోయాడు.

ఇక్కడ నా తెలివి చూడండి. నాకు దొరికిన పుస్తకం 1978లో వచ్చిన 'ఎ ఫైన్ అండ్ ప్లెజెంట్ మిజరీ'. మన మాటల్లో 'హాయైన అవస్థ' అనుకోవచ్చు. పుస్తకానికి పేరిచ్చిన వ్యాసంలో ఆయన మొత్తుకునేదేమిటంటే, కొత్త కొత్త సామాన్లొచ్చి అడవిలో పడుకోవడంలో ఉన్న అవస్థంతా పోయింది, అవస్థ లేకపోతే ఇంక మజా ఏముంది, అని. నేనది మొదటినుంచి చివరిదాకా పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చదివి, ఏం చేశానో తెలుసా? అందులో ఉన్న సామాన్ల జాబితా రాసుకున్నాను.

నాకంటే ముందు ఈ దారిన పోయినవాళ్ల గతి నాకు తెలియదా అంటే తెలుసు. జెరోమ్ కె. జెరోమ్ 1889లోనే ముగ్గురు మగాళ్లనూ ఒక కుక్కనూ పడవెక్కించి థేమ్స్ నది మీదికి తోలాడు. ఆఖరికి వాళ్లు వానకు తట్టుకోలేక పడవను వదిలేసి, దొంగల్లాగా రైలెక్కి లండన్‌లో వేడి వేడి భోజనానికి ఉరికారు. మన బారిస్టర్ పార్వతీశం మద్రాసులో దొరల టోపీ అని మోజుపడి ఆడవాళ్ల టోపీ కొన్నాడు. ఇవన్నీ చదివాను, నవ్వాను, పిల్లలకు చెప్పి నవ్వించాను. అయినా పార్వతీశానికి జరిగింది నాకు జరగదనే అనుకున్నాను. ఎందుకంటే నేను హాస్య రచయితను, వాడు హాస్య పాత్ర. రచయిత ఒడ్డున ఉంటాడు కదా!

జాబితాలో గుడారం, చలికి దూరే సంచి, తలకు కట్టుకునే లైటు, మడత కుర్చీ, దిక్సూచి ఉన్నాయి. లింబాద్రి గుట్ట ఎటుందో మా ఊళ్లో మూడేళ్ల పిల్లవాడయినా వేలు పెట్టి చూపిస్తాడు. అయినా దిక్సూచి కొన్నాను. అన్నిటికంటే ముఖ్యం, గట్టి అట్టతో నోటుబుక్కు. దాని మొదటి పేజీలో "అడవిలో నవ్వులు - ముడిసరుకు" అని రాసి కింద గీత కొట్టాను.

"గుడారం ఎంత?" అంది మా ఆవిడ.

"నాలుగు వేల ఎనిమిది వందలు."

"పైసలిచ్చి నేల మీద పండుడా? గదే పైసలు నాకియ్యి, ఇంట్లనే నేల మీద పండవెడ్త."

ఆమె అన్నది నోటుబుక్కులో రాసుకోవాల్సిన మాట. రాసుకోలేదు. ఇంట్లో జరిగేదాన్ని ముడిసరుకు కింద లెక్కగట్టే అలవాటు నాకు అప్పటికి లేదు.

ఆన్‌లైన్‌లో తెప్పించిన గుడారం పెద్ద జల్లెడంత గుండ్రటి సంచిలో వచ్చింది. కర్రలు పాతనక్కర్లేదు, తాళ్లు కట్టనక్కర్లేదు, పట్టీ విప్పితే దానంతట అదే లేచి నిలబడుతుందని రాశారు. అబద్ధం చెప్పలేదు. హాల్లో నిలబడి పట్టీ విప్పాను. అంతే. అది లేవడం కాదు, లేడిపిల్లలా ఎగిరింది. ఎగిరి ఫ్యానుకు తగిలి, కిందికొచ్చి దివాను మీద మామిడికాయ తొక్కు జాడీని దొర్లించి, గోడకానుకుని నిలబడింది. చెక్కు ఫ్రేము కిందపడి అద్దం భళ్లుమంది. మా నాయిన ఫొటో మాత్రం చెక్కు చెదరలేదు. ఆయన బతికున్నప్పుడూ అంతే, నేనేం చేసినా కదలకుండా చూసేవాడు.

ఇంక దాన్ని మడవాలి. ఫోనులో వీడియో ఉంది. అందులో ఒక అమ్మాయి నవ్వుకుంటూ ఎనిమిది సెకన్లలో మడిచి సంచిలో పెట్టేస్తుంది. మేము సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టాం. నేను, మా ఆవిడ, బోధన్ నుంచి వచ్చిన మా బామ్మర్ది, తర్వాత పక్కింటాయన. ఒకసారి అది ఎనిమిది అంకె ఆకారంలోకి వచ్చింది. అందరం ఊపిరి బిగబట్టాం. పక్కింటాయన "వట్టుకోండ్రి, వట్టుకోండ్రి" అంటుండగానే ఠప్పున విచ్చుకుని ఆయన కళ్లద్దాలను వంటింట్లోకి పంపింది. రాత్రి ఎనిమిదింటికి ఓటమి ఒప్పుకున్నాం. ఆ రాత్రి హాలు నిండా అదే. టీవీ చూడాలంటే అందులో దూరి కూర్చుని చూడాల్సి వచ్చింది.

మర్నాడు 2024 ఫిబ్రవరి 10, రెండో శనివారం. విప్పిన గుడారాన్ని విప్పినట్టే తీసుకుపోవడం తప్ప గతి లేదు. దాన్ని వాకిట్లోంచి బయటికి లాగడం కష్టకాన్పులాగా సాగింది. ట్రాలీ ఆటో మీద పెట్టి తాళ్లతో కట్టాం. పక్కన మడత కుర్చీలో నేను. ఆటో బజారులోంచి మెల్లగా పోతోంది.

ఆ నెల 21నుంచి మేడారం జాతర. రెండేళ్లకొకసారి లక్షలమంది ట్రాక్టర్లలో, బండ్లలో పోయి, టార్పాలిన్లు కప్పుకుని, చెట్ల కింద వండుకుని తిని పడుకునే జాతర. క్యాంపింగు అంటే అది. కానీ దాన్ని క్యాంపింగు అని పుస్తకం రాసినవాడు నాకు దొరకలేదు కాబట్టి నా బుర్రకు తట్టలేదు. ఊరికి మాత్రం వెంటనే తట్టింది.

"సార్, మేడారమా? శానా ముందుగాలనే వోతున్నరు!"

నేను చెయ్యి ఊపాను. అవునని అనలేదు. కాదని కూడా అనలేదు. "లేదు, నాలుగైదు కిలోమీటర్ల దూరంలో గుట్ట కింద ఒకరి చేను పక్కన పడుకుని ప్రకృతిని పరిశీలించడానికి పోతున్నా" అని బజారు నడుమ అరిచి చెప్పే ధైర్యం మీకుందా? నాకు లేదు. అంతలో ఒక ముసలామె ఆటోకు అడ్డం వచ్చింది. కొంగుముడి విప్పి అరకిలో బెల్లం ముద్ద నా చేతిలో పెట్టింది. "నాకు మోకాళ్లు సాతనయితలేవు బిడ్డా. నా పేరు మీద సమ్మక్క తల్లికి బంగారం నువ్వే ఇయ్యి" అని రెండు చేతులు జోడించింది. మేడారంలో బెల్లాన్నే బంగారమంటారు. ఆ క్షణంలో నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. "తప్పకుండా అవ్వా" అన్నాను, గంభీరంగా, మాఘమాసం మొత్తం నా భుజాల మీదే నడుస్తున్నట్టు. మా బామ్మర్ది ముఖం తిప్పుకుని దగ్గాడు.

చేను నా పాత విద్యార్థిది. సోషల్‌లో ఫెయిలయ్యాడు. ఎడారులు ఎక్కడెక్కడున్నాయి అంటే చెప్పలేక నిలబడ్డవాడు, తర్వాత ఎనిమిదేళ్లు గల్ఫులో ఎడారిలోనే పనిచేసి వచ్చాడు. ఇప్పుడు మూడెకరాల్లో పసుపు, మక్క వేస్తాడు. గుడారాన్ని చుట్టూ తిరిగి చూసి చాలా మర్యాదగా అడిగాడు.

"సార్, ఇంట్ల ఏమన్న లొల్లయ్యిందా?"

"లేదురా. రాసుకోవడానికి వచ్చిన. బయట పడుకుంటే అనుభవం అయితది."

వాడు కాసేపు ఆలోచించాడు. "మా నాయిన ఉన్నన్ని దినాలు రాత్రి కరెంటు కోసం బాయికాడనే పండేటోడు సార్. 2018ల ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చినంకనే మేం ఇంట్ల పండుడు నేర్సుకున్నం. పాములు, తేళ్లు, మస్తు అనుభవం. ఆయన ఒక్క ముక్క గూడ రాయలె." తర్వాత మంచె చూపించి, "అండ్ల పండుకోండ్రి సార్, ఎచ్చగ ఉంటది" అన్నాడు. వద్దన్నాను. మెక్‌మానస్ మంచె మీద పడుకోలేదు. నా విద్యార్థి వాళ్లంతా ఆ రాత్రి అవతలి కల్లంలో పసుపు ఉడకబెడుతున్నారట. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "సార్, రాత్రి ఏమన్న సప్పుడయితే భయపడకండ్రి, గదేందంటే..." అని మొదలుపెట్టాడు. నేను చెయ్యెత్తి ఆపాను.

"నేను భయపడే మనిషిలా కనబడుతున్ననా?"

వాడు నా తలకున్న లైటు చూశాడు, మెడలో దిక్సూచి చూశాడు, మిగతాది మింగేసి పోయాడు.

వెన్నెల్లో రాసుకుందామనుకున్నాను. ఏడింటికి చూస్తే ఆకాశంలో వెన్నెల జాడే లేదు. ముందురోజే అమావాస్య. మెడలో దిక్సూచి వేసుకుని వచ్చినవాడు గోడ మీది క్యాలెండరు చూసుకోలేదు. పొయ్యి రాజేయబోతే కట్టెలు మంచుకు మెత్తబడి అంటుకోలేదు. నోటుబుక్కులోంచి కాయితం చించి అంటించాను. తర్వాత ఇంకొకటి. గంటసేపట్లో "ముడిసరుకు" అని రాసిన పేజీతో సహా నోటుబుక్కంతా పొయ్యిలోకి పోయింది, నూడుల్సు మాత్రం నానిన తాళ్లలాగే ఉండిపోయాయి. సంక్రాంతికి చేసిన సకినాలు మా ఆవిడ మూటగట్టి ఇచ్చింది. అవి కొరకాలంటే పళ్లు అరువు తెచ్చుకోవాలి. గాలి మీద ఉడికే పసుపు వాసన ఒకటే వేడిగా వస్తోంది. పదింటికి మా బామ్మర్ది చీకట్లో ఏదో చప్పరిస్తున్నాడు.

"ఏం తింటున్నవురా?"

"బెల్లం బావా."

"అది సమ్మక్క బంగారంరా!"

"ఎట్లయినా మనం మేడారం పోతలేం గద బావా" అని నాకూ ఒక ముక్క ఇచ్చాడు. తిన్నాను. చలి, ఆకలి, చీకటి. మీరైతే తినరా?

రాత్రి ఎంతయిందో తెలియదు, ఒంటికి లేచాను. తలకు లైటు కట్టుకుని మక్కచేను గట్టు దాకా పోయి నిలబడ్డాను. అప్పుడు, సరిగ్గా అప్పుడు, చేను నడుమలోంచి ఒక ఆడగొంతు ఉరిమింది.

"ఎవడ్రా ఆడ! దొంగసచ్చినోడా! ఉండు, నీ బొక్కలిర్గగొడ్త! ఓ పోరగాండ్లు, కట్టెలు తేండ్రి!"

వెనకాల కుక్కల అరుపులు. డబ్బా కొడుతున్న చప్పుడు. నా రక్తం గడ్డకట్టింది. పని సగంలో ఆగింది.

"ఎవరమ్మా? నేనే" అన్నాను, బడిలో హాజరు పిలిచే గొంతుతో.

నిశ్శబ్దం. హమ్మయ్య, గుర్తుపట్టింది అనుకున్నా. రెండు నిమిషాలకు మళ్లీ.

"ఎవడ్రా ఆడ! దొంగసచ్చినోడా!"

ఈసారి ఇంటిపేరుతో సహా చెప్పాను. స్కూల్ అసిస్టెంటును, సోషల్ చెప్తాను, మీ చేను అబ్బాయికి పాఠం చెప్పింది నేనే అన్నాను. ఆమె కట్టెలు తెమ్మంది. మూడోసారి రెండు చేతులూ పైకెత్తి, తల లైటు వెలుగు నా ముఖం మీదే పడేలా దాన్ని తిప్పి పట్టుకుని, అమ్మా, చూడమ్మా, నేను దొంగలా ఉన్నానా అన్నాను. బొక్కలిరగ్గొడతానంది. నాలుగోసారి, తప్పయిపోయింది తల్లీ, అడక్కుండా వచ్చిన, పొద్దుటికి పోతానన్నాను. అయిదోసారి జేబులో ఉన్న రెండు వందలూ గట్టు మీద పెట్టి దాని మీద రాయి పెట్టాను. కుక్కలు మొరిగాయి. ఆరోసారికి నా మోకాళ్లు వాటంతటవే నేలకు ఆనాయి. ఇంక నేను మాట్లాడటం లేదు, నాలోంచి మాటలు వాటంతటవే దొర్లుతున్నాయి. చిన్నప్పుడు బోధన్‌లో మా మేనమామ ఇంటికి పోయినప్పుడు ఫ్యాక్టరీ ముందు వరస కట్టిన చెరుకు బండ్లలోంచి గడలు గుంజుకున్నది నేనే తల్లీ అన్నాను. ఒకటి కాదు, సెలవులున్నన్ని రోజులూ అన్నాను. ఇవాళ ముసలామె సమ్మక్కకిచ్చిన బెల్లం తిన్నం తల్లీ, నేనొక్కణ్నే కాదు నా బామ్మర్ది ఎక్కువ తిన్నడు అన్నాను. గేటు మీద హాస్య రచయిత అని రాయించుకున్నది ఎవరూ ఇచ్చిన బిరుదు కాదు తల్లీ, నేనే పెయింటరుకు పైసలిచ్చి రాయించుకున్న అన్నాను. ఆ షుగర్ జోకు నాది కాదు తల్లీ, మా మామది, ఫ్యాక్టరీ మూసినప్పుడు ఆయనే అరుగు మీద కూసోని అన్నడు, నేను రాసి నా పేరు మీద పంపిన, రెండు వందలు...

"ఏందీ?" వెనక గుడారంలోంచి తల బయటికొచ్చింది. "ఆ జోకు మా నాయినదా?"

ఇదే నేను తర్వాత చెప్తానన్న సంగతి.

"అరేయ్, లోపలికి పో, ఆమె కట్టె తీసుకొని వస్తున్నది!"

"ఆమె ఏంది బావా, అది మైకు. పందుల కోసం పెడతరు. అదే ముచ్చట మళ్ల మళ్ల వస్తలేదా?"

అవును. వస్తోంది. అదే తిట్టు, అదే వరస, అదే కుక్క. అరగంట నుంచి నేను బ్యాటరీకి మొరపెట్టుకుంటున్నాను.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"మొదటిసారే."

"మరి ఇంతసేపు చెప్పవేందిరా?"

"సీన్మ నడుమల లేస్తరా బావా?" అన్నాడు, చేతిలో ఫోను ఆపు చేస్తూ. వీడియోలో చీకటే తప్ప ఏమీ కనబడదు. కానీ నా గొంతు బ్రహ్మాండంగా వినబడుతుంది. ఆకాశవాణిలో కూడా నా గొంతు అంత స్పష్టంగా రాదు.

పొద్దున్నే నా విద్యార్థి చాయ్ తెచ్చాడు. వెంట వాళ్ల అవ్వ. సన్నగా, బక్కగా, నవ్వుతూ. ఆ ఒంట్లోంచి అంత గొంతు ఎట్లా వచ్చిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

"ముందు నా గొంతే పెట్టిన సార్" అన్నాడు వాడు. "నాలుగు దినాలకే పందులు అలవాటు పడ్డయి. అవ్వది పెట్టినంక ఒక్కటి గూడ ఇటు దిక్కు రాలె." కొంచెం తటపటాయించి, "జవాబిచ్చింది మాత్రం మీరొక్కరే సార్" అన్నాడు.

అవ్వ గట్టు మీది రాయి కింద నుంచి నా రెండు వందలు తీసి నా చేతిలో పెట్టింది. "రాత్రంత నాతోని మస్తు మాట్లాడినవట గద బిడ్డా. నాకెరకనే లేకపాయె. ఎరకుంటే నేను గూడ రెండు ముచ్చట్లు చెప్పేదాన్ని." తర్వాత జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు పెట్టింది. నేను తింటుంటే పక్కన కూర్చుని, "చెరుకు నేనెన్నడు పెట్టలే బిడ్డా. నా మీద అనుమానం వెట్టుకోకు" అంది.

వీడియో నాకంటే ముందే ఇల్లు చేరింది. బోర్డు సంగతి, బెల్లం సంగతి మా ఆవిడ పట్టించుకోలేదు. జోకు దగ్గర ఆగింది. "మా నాయిన పైసలు" అంది. అసలు రెండు వందలు, ఎనిమిదేళ్ల మిత్తి, ఫ్రేము ఖర్చు వేరే. లెక్కగట్టి మరుసటి ఆదివారం బోధన్ పోయి మామ కాళ్లకు దండం పెట్టి అయిదు వందలు చేతిలో పెట్టాను. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి, షుగర్ ఇంకా బందు కాలేదు. నోటు ఎండకు పెట్టి చూసి, అటూ ఇటూ చూసి, నా చెవిలో మెల్లగా, "అల్లుడా, నీకొక్కనికే చెప్తున్న. అది నాది గూడ కాదు. ఫ్యాక్టరీల బాయిలర్ కాడ పనిచేసేటోడు ఒకడు చెప్పిండు" అన్నాడు. నోటు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

ముసలామె బెల్లం బాకీ కూడా తీర్చాను. మేడారం పోయే ట్రాక్టరు వాళ్లకు కిలో ఇచ్చి, ఆమె పేరు చెప్పి వేయమన్నాను. అరకిలో అసలు, అరకిలో జుర్మానా.

దీని మీద నేను ముందు ఇంకొక వ్యాసం రాశాను. మీ దగ్గర దాచడం ఎందుకు? అందులో గుట్ట కింద అర్ధరాత్రి చిరుతపులి వస్తుంది, నేను తల లైటుతో దాని కళ్లలోకి చూస్తాను, అది తల దించుకుని పోతుంది. వెన్నెల కూడా పెట్టాను, అమావాస్య మర్నాడు. పది రోజుల్లో తిరిగొచ్చింది. ఈసారి ఎడిటరుగారు గాలి సంగతేమీ ఎత్తలేదు, "పులిని తీసేసి మళ్లీ పంపండి" అని రాశారు. పులిని తీసేస్తే మిగిలింది ఇది.

బడిలో నేను బోర్డు వైపు తిరిగినప్పుడు వెనక బెంచీ నుంచి ఎవరో సన్నగా "ఎవడ్రా ఆడ" అంటారు. ఇప్పటిదాకా నాలుగుసార్లు ఉలిక్కిపడ్డాను. గేటు బోర్డు మీద హాస్య రచయిత అలాగే ఉంది గానీ ఆ పేరుతో అడిగితే నా ఇల్లు ఎవరూ చూపించరు.

గుడారం ఇప్పటికీ ఆ చేను గట్టునే ఉంది. అవ్వ అందులో కోళ్లను కమ్ముతోంది. వాటికి బాగా నచ్చినట్టుంది, గుడ్లు పెడుతున్నాయట. మీలో ఎవరికైనా దాన్ని మడిచి సంచిలో పెట్టడం వస్తే ఒకసారి వచ్చిపొండి. భీమ్‌గల్ బస్టాండులో దిగి గుడారం సారు ఇల్లెక్కడ అని అడగండి, ఎవరైనా చెప్తారు.